తోలు దీపాలు అమ్ముకోవడానికి బ్లాగా, ఇన్‌స్టాగ్రామా? మూడేళ్ళు రెండూ వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. మీరు చేసేది చేత్తో చేసే వస్తువు, ధర కాస్త ఎక్కువ, కొనేవాళ్ళకు నాలుగు మాటలు వివరించి చెప్పాల్సిన వస్తువు అయితే ముందు బ్లాగు తెరవండి. ఇన్‌స్టాగ్రామ్ కూడా ఉండాలి, కానీ దాని పని వేరు. స్టార్లు వేయమంటే బ్లాగుకు ఐదుకు నాలుగున్నర, వాట్సాప్ బిజినెస్‌కు నాలుగు, ఇన్‌స్టాగ్రామ్‌కు మూడున్నర, ఫేస్‌బుక్ పేజీకి రెండు వేస్తాను. మూడేళ్ళుగా ఈ నాలుగూ రోజూ వాడుతున్నదాన్ని కాబట్టి ఎందుకలా వేశానో చెప్తాను.

నేను అనంతపురంలో ఉంటాను. టవర్ క్లాక్ నుంచి పది నిమిషాలు నడిస్తే మా ఇల్లు, మిద్దె మీద గదిలో నా పని. తోలు దీపాలు చేస్తాను, అంటే తోలుబొమ్మలాట బొమ్మలు ఎలా చేస్తారో అదే పద్ధతిలో దీపానికి గూడు చేయడం. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, బిగించి ఎండబెడితే వెలుతురు దాటేంత పల్చగా వస్తుంది. దాని మీద నల్ల సిరాతో గీతలు గీసి, నగలూ కిరీటాలూ వచ్చే చోట చిన్న ఉలులతో చిల్లులు కొట్టి, రంగులు వేసి, ఇనుప తీగ చట్రానికి కుడతాం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తరాలుగా చేస్తున్న పని ఇది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నేను ఆ ఇళ్ళలో పుట్టినదాన్ని కాదు. ఒక పెద్దాయన పక్కన కూర్చుని రెండేళ్ళు నేర్చుకున్నాను, శుభ్రం చేసిన తోలు ఇప్పటికీ ఆయన ద్వారానే తెచ్చుకుంటాను. చిన్న దీపం 1,600 రూపాయలు, నిలువు దీపం 5,500. ఈ ధర వినగానే "ప్లాస్టిక్‌ది 400కే వస్తుంది కదా" అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు జవాబు ఎక్కడ చెప్పాలన్నదే నాకు మొదటి నుంచీ ఉన్న సమస్య.

ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మా తమ్ముడు తెరిచాడు. "అక్కా, జనమంతా ఆడే ఉండారు, నువ్వు ఈడ కూర్చుని ఎవరి కోసం చేస్తాండావు?" అన్నాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. తోలు దీపం ఆరిపోయి ఉన్నప్పుడు చూస్తే మామూలుగా ఉంటుంది, ముదురు రంగు, పచ్చళ్ళ జాడీ మీద కట్టిన గుడ్డలాగా ఒక మూల ఉంటుంది. బల్బు వేసిన క్షణంలో దాని సంగతి తెలుస్తుంది. ఎరుపు కుంకుమలాగా వెలుగుతుంది, ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి సన్నటి వెలుతురు బయటకు వచ్చి హనుమంతుడి మెడలో హారం రాళ్ళు పొదిగినట్టు మెరుస్తుంది, గోడ మీద చుక్కలు చుక్కలుగా నీడ పడుతుంది. ఈ ఒక్క క్షణాన్ని ఎంత బాగా రాసినా చదివేవాళ్ళ కంటికి కట్టదు, వీడియోలో చూడాల్సిందే. చీకటి గదిలో స్విచ్ వేసే 38 సెకన్ల రీల్ ఒకటి దసరా ముందు పెట్టాం, లక్ష మందికి పైగా చూశారు. ఆ వారం నా ఫోన్ కింద పెట్టింది లేదు. మూడు వందల పైన మెసేజులు, దాదాపు అన్నీ ఒకటే మాట: "ధర ఎంత?"

వాటిలో ఆర్డర్లయినవి ఐదు.

అది ఆ యాప్ తప్పు అనను. అక్కడికి వచ్చేవాళ్ళు దీపం కొందామని రారు, బస్సులో కూర్చునో, అన్నం తిన్నాక నడుం వాల్చో వేలితో జరుపుకుంటూ పోతుంటారు, మధ్యలో నా దీపం కనపడింది, ముచ్చటేసింది, ధర అడిగారు, తర్వాతి రీల్‌లో కుక్కపిల్ల వచ్చింది, నన్ను మరిచిపోయారు. కొనడం అనేది వేరే మనసుతో చేసే పని.

ఆ ఐదింటిలో ఒకటి వెనక్కి వచ్చింది. కొన్నావిడ గుంటూరు నుంచి ఫోన్ చేసి, గొంతులో బాధ తెలుస్తుండగా అడిగింది, "అమ్మా, ఇది నిజంగా తోలా? నేను పేపరేమో అనుకున్నాను, మా ఇంట్లో తోలు వస్తువులు వాడరమ్మా." ఆవిడ అడిగిన దాంట్లో న్యాయం ఉంది. రీల్ కింద "లెదర్ ల్యాంప్" అని రాశాం, కానీ అది ఎవరు చదువుతారు, చదివినా మేక తోలు అని ఎలా తెలుస్తుంది. డబ్బు పూర్తిగా వెనక్కి పంపాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, డబ్బు కోసం కాదు, ఒకరికి ఇష్టం లేని వస్తువును తెలియకుండా వాళ్ళ ఇంట్లోకి పంపానే అని. బ్లాగు తెరవాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

బ్లాగర్‌లో తెరిచాను, ఉచితం కాబట్టి. 1999లో మొదలైన సర్వీసు, 2003లో గూగుల్ తీసుకుంది, ఇప్పటికీ నడుస్తోంది. చూడటానికి పాతకాలం దానిలా ఉంటుంది కానీ పని చేస్తుంది. ఏడాదికి వెయ్యి రూపాయల లోపు పెట్టి సొంత పేరుతో అడ్రసు కొనుక్కుని దానికి తగిలించాను, ఈ ఖర్చు మాత్రం తగ్గించుకోవద్దు, కారణం తర్వాత చెప్తాను.

మొదట రాసిన పేజీ పేరు "ఇది మేక తోలు". అంతే. ఏ తోలు, ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా శుభ్రం చేస్తారు, వాసన వస్తుందా (కొత్తలో దగ్గరగా ముక్కు పెడితే కొంచెం వస్తుంది, గాలి తగిలితే పోతుంది), తోలు వాడని ఇళ్ళవాళ్ళు కొనవద్దు అని పెద్ద అక్షరాల్లో రాశాను. తమ్ముడు చూసి "అక్కా, కొనొద్దని రాసేవాళ్ళు ఎవరన్నా ఉంటారా, పైగా ఈ కాలంలో ఇంతింత ఎవరు చదువుతారక్కా" అన్నాడు. అత్తమ్మ ఇంకో పక్క, "ఏంటికమ్మా రాత్రంతా ఆ ల్యాప్‌టాప్ ముందర కూర్చుంటావు, కండ్లు పోతాయి" అని. మొదటి ఐదు నెలలు వాళ్ళ మాటే నిజమనిపించింది, రోజుకు ఆరుగురో ఏడుగురో వచ్చేవాళ్ళు, అందులో నేనూ ఉన్నానని తర్వాత తెలిసింది. బ్లాగర్‌లో మన సొంత రాకపోకలు లెక్కపెట్టొద్దని ఒక గడిలో టిక్ పెట్టాలి, పెట్టకపోతే మన అంకెలు చూసుకుని మనమే సంబరపడతాం.

ఆరో నెల నుంచి మారింది. ఫోన్లు తక్కువే వచ్చేవి, కానీ ఆ ఫోన్ల తీరే వేరు. "ధర ఎంత" అని ఎవరూ అడగరు, ధర పేజీలో ఉంది. "మీరు ఐదు వాట్ల ఎల్‌ఈడీ అని రాశారు, మా దగ్గర తొమ్మిది వాట్లది ఉంది, పెట్టొచ్చా?" అని అడుగుతారు. "మాది వైజాగ్, గాలిలో తేమ ఎక్కువ, తోలు వదులవుతుందా?" అని అడుగుతారు. ఇలా అడిగేవాళ్ళు అప్పటికే సగం కొనేసినట్టు లెక్క. నేను ప్రతి ఆర్డరు దగ్గర "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి నోటు పుస్తకంలో రాసుకుంటాను. పోయిన ఏడాది అమ్మిన 74 దీపాల్లో 41 గూగుల్‌లో వెతికి బ్లాగుకు వచ్చినవాళ్ళవి, 12 ఇన్‌స్టాగ్రామ్‌వి, మిగతావి పాత కస్టమర్లు చెప్పగా వచ్చినవి. వెనక్కి వచ్చినవి ఒక్కటీ లేదు. నా ఒక్కదాని లెక్క ఇది, మీ వస్తువుకు వేరేగా ఉండొచ్చు, కానీ పుస్తకం మాత్రం పెట్టండి, లేకపోతే లైకులు చూసుకుని అదే వ్యాపారం అనుకుంటాం.

అన్నింటికంటే ఎక్కువ మంది చదివిన పేజీ దీపాల గురించి కాదు, అదే నాకు ఆశ్చర్యం. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఎవరు, కథ మధ్యలో వచ్చి ఎందుకు నవ్విస్తారు అని ఒక పేజీ రాశాను. దాని పక్కనే విరాటపర్వం ఆడిస్తే వానలు పడతాయన్న నమ్మకం గురించి ఇంకొకటి. మన జిల్లా సంగతి తెలిసిందే కదా, వాన కోసం ఎదురుచూడటం ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఒకరోజు కడప నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. మనవరాలికి స్కూల్లో ఇచ్చిన ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే ఆ పేజీ దొరికిందట. "అమ్మా, మా చిన్నప్పుడు మా ఊర్లో వాన రాకుంటే చందాలు వేసుకుని ఆడించేవాళ్ళమ్మా, తెల్లవార్లూ. తెర ముందర మేము నిద్రపోతాంటే మా నాయన లేపేవాడు, బంగారక్క వచ్చింది లేయండ్రా అని." పావుగంట మాట్లాడారు, నేను వింటూ ఉండిపోయాను. కొనే మాట ఎత్తలేదు. పెట్టేయబోతూ అడిగారు, "ఆ బంగారక్కనూ కేతిగాడినీ దీపం మీద వేస్తావా తల్లీ?" అప్పటిదాకా నేను వేసినవన్నీ రాముడు, సీత, హనుమంతుడే. వేశాను. ఆ దీపం ఫోటో అదే పేజీలో పెడితే ఆ జంట కోసం ఇప్పటికి పదకొండు ఆర్డర్లు వచ్చాయి. నలభై సెకన్ల వీడియోకు ఆ మాస్టారు దొరికేవారు కాదు, నాకు ఆ బొమ్మ వేయాలన్న ఆలోచనా వచ్చేది కాదు.

ఇంకో లాభం, పేజీ పాతబడదు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో పోతుంది, అది దాని పద్ధతి. రీల్ ఉంటుంది కానీ కిందికి జారుతూ పోతుంది, వెనక్కి వెళ్ళి వెతికేవాళ్ళు తక్కువ. "తోలు దీపం ఎలా తుడవాలి" అని రెండున్నరేళ్ళ కిందట రాసిన పేజీ ఈ వారం కూడా చదివారు. పొడి గుడ్డతో మాత్రమే తుడవాలి, నీళ్ళు తగిలితే తోలు మెత్తబడి చట్రం మీద ముడుచుకుంటుంది, అందులో ఉన్నది ఇంతే, ఒక రాత్రి పని, ఇప్పటికీ నా బదులు కస్టమర్లకు జవాబు చెప్తోంది.

బ్లాగు పెట్టేవాళ్ళు తెలుసుకోవాల్సిన చిక్కు ఒకటుంది, నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి వివరంగా చెప్తాను. బ్లాగర్‌లో శీర్షిక మొత్తం తెలుగులో పెడితే పేజీ అడ్రసులో ఆ తెలుగు అక్షరాలు రావు, ఉత్త "బ్లాగ్ పోస్ట్" అనే మాటా ఒక అంకే వస్తాయి. దాన్ని చూసి లోపల ఏముందో మనిషికీ తెలియదు, గూగుల్‌కూ తెలియదు. అందుకని పబ్లిష్ నొక్కే ముందే, పక్కన పర్మాలింక్ అని ఉంటుంది, అక్కడ కస్టమ్ ఎంచుకుని ఇంగ్లీషు అక్షరాల్లో మనమే రెండు మూడు మాటలు ఇవ్వాలి. అలాగే సెట్టింగ్స్‌లో సెర్చ్ డిస్క్రిప్షన్, అంటే వెతికినవాళ్ళకు పేజీలో ఏముందో చెప్పే మాటలు, అన్నది ఆన్ చేసుకుని ప్రతి పేజీకీ రెండు లైన్లు రాయాలి. ఫోటోలకు కూడా ఇది ఏ ఫోటో అని ఒక మాట రాయాలి. మనవాళ్ళలో చాలామంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేసి వెతుకుతారు కాబట్టి పేజీలో ఒకచోట ఆ స్పెల్లింగ్ కూడా ఉండేలా చూసుకుంటాను. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా ఒకటి ఉంది, దానికి బ్లాగును కలిపితే జనం ఏ మాటలు టైప్ చేసి మన దగ్గరికి వచ్చారో చూపిస్తుంది. నాకు అన్నింటికంటే ఇష్టమైనది అదే. కస్టమరు మనసులో ఉన్న ప్రశ్న, వాళ్ళ మాటల్లోనే, మన ముందు ఉంటుంది. వారానికి ఒకసారి అది చూసే తర్వాతి పేజీ ఏం రాయాలో తేల్చుకుంటాను.

ఇప్పుడు సొంత అడ్రసు ఎందుకన్నానో చెప్తాను. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు, దానితో పాటు ఇంకో 58 యాప్‌లు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి, అందరూ అటు వెళ్ళారు, కానీ టిక్‌టాక్‌లో పోగుచేసుకున్న ఫాలోయర్లను ఎవరూ మూట కట్టుకుని తెచ్చుకోలేకపోయారు. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి గంటల తరబడి ఆగిపోయాయి, ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది, అందరూ ఇంట్లో వైఫై పాడైందనుకున్నారు. అలాంటిదే చిన్న సైజులో నాకూ జరిగింది. నేను వాడే ఒక యాప్‌లో నా షాపు ఖాతా ఎందుకో లాక్ అయిపోయింది, ఏ యాపో ఇక్కడ అనవసరం. దీపావళికి మూడు వారాల ముందు, పదకొండు రోజులు. ఎవరికి చెప్పుకోవాలో తెలియదు, ఫామ్ నింపితే ఆటోమేటిక్ జవాబు, మళ్ళీ ఫామ్, మళ్ళీ అదే జవాబు. టెన్షన్‌తో అన్నం సయించలేదు. అప్పుడు కూడా బ్లాగు తెరిచే ఉంది, ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఆ పదకొండు రోజుల్లో ఆరు దీపాలు ప్యాక్ చేశాను. ఖాతా తర్వాత తెరుచుకుంది. నా కస్టమర్ల నంబర్లు మాత్రం అప్పటి నుంచి నోటు పుస్తకంలోనూ రాసుకుంటున్నాను.

బ్లాగర్ కూడా గూగుల్‌దే కదా, రేపు వాళ్ళు మూసేస్తే? అడగాల్సిన ప్రశ్నే, నేను అర స్టారు తగ్గించింది అందుకే. గూగుల్ ప్లస్‌ను 2019 ఏప్రిల్‌లో మూసేశారు, ఆర్కుట్‌ను 2014లో మూసేశారు, అందులో మన కాలేజీ రోజుల కబుర్లన్నీ ఉండేవి. అందుకని నెలకోసారి సెట్టింగ్స్‌లో బ్యాకప్ నొక్కి రాసినదంతా ఒక ఫైలుగా దించుకుంటాను. అడ్రసు నా పేరున ఉంది కాబట్టి రేపు వర్డ్‌ప్రెస్ లాంటి ఇంకో బ్లాగు సర్వీసుకు మారినా జనం అదే అడ్రసుకు వస్తారు. ఉచిత అడ్రసుతోనే ఉండిపోతే ఈ వెసులుబాటు ఉండదు.

ఇన్‌స్టాగ్రామ్‌కు మూడున్నర ఇవ్వడం తక్కువ కాదా అని తమ్ముడికి కోపం. తక్కువేం కాదు. కొత్తవాళ్ళ కంట్లో పడటానికి దాన్ని మించింది నాకు తెలియదు, బెంగళూరులో ఇళ్ళ లోపలి అలంకరణ చేసే ఒకావిడ నన్ను మొదట చూసింది రీల్‌లోనే. కానీ ఆవిడ ఏం చేసింది? మన ప్రొఫైల్‌లో ఉన్న లింకు నొక్కి బ్లాగుకు వెళ్ళి, మూడు పేజీలు చదివి, రెండు రోజుల తర్వాత ఒక హోమ్‌స్టే కోసం 14 దీపాలు చెప్పింది. ఫోన్లో మొదటి మాటే, "మీరు తోలు గురించి అంత నిజాయితీగా రాశారు, అందుకే చేశాను." రీల్ కింద రాసే దాంట్లో లింకు పెడితే అది నొక్కినా తెరుచుకోదు, ప్రొఫైల్‌లో పెట్టిందే తెరుచుకుంటుంది, ఇప్పుడు అక్కడ ఐదు లింకుల దాకా పెట్టుకోవచ్చు. కింద రాసుకోవడానికి 2,200 అక్షరాలు ఇస్తారు, పొట్టి కథ రాయొచ్చు, కానీ మొదటి లైను దాటి చూడాలంటే నొక్కాలి, అంత ఓపిక ఉన్నవాళ్ళు తక్కువ. బిజినెస్ ఖాతాకు సినిమా పాటలు చాలావరకు దొరకవు, దసరాకు అందరూ వాడే పాట మనం వాడలేం, దీనివల్ల తమ్ముడు ప్రతి పండక్కీ గొడవ పెట్టుకుంటాడు. 2025 జనవరిలో ప్రొఫైల్‌లో చదరపు బొమ్మలు కాస్తా నిలువు బొమ్మలయ్యాయి, చదరంగా కొలిచి పేర్చుకున్నవాళ్ళంతా మళ్ళీ సర్దుకోవాల్సి వచ్చింది. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టడానికి ఓనరును అడగాలి కదా, అలాంటిదే.

మంచి మార్పు ఒకటి కూడా వచ్చింది, చెప్పకపోతే తప్పు. 2025 జూలై నుంచి బిజినెస్ ఖాతాల పబ్లిక్ పోస్టులు గూగుల్ వెతుకులాటలో కూడా కనిపించే వీలు కల్పించారు. అంటే కింద రాసే మాటలకు ఇప్పుడు విలువ పెరిగింది. మూడు గుండె బొమ్మలు పెట్టి వదిలేయకుండా, వస్తువు పేరు, ఊరు పేరు, ఎలా వాడాలో రాస్తే ఉపయోగం. బ్లాగులో రాసి చేయి తిరిగినవాళ్ళకు అది కష్టం కాదు.

డబ్బిచ్చి చేయించుకునే ప్రచారం ఒకసారి చేశాను. వేలమంది ఫాలోయర్లున్న ఒక పేజీకి 6,000 రూపాయలు ఇచ్చి, ఒక దీపం కూడా పంపితే, ఒక్క స్టోరీ పెట్టారు. ఒక్క ఆర్డరూ రాలేదు. ఆ డబ్బుతో రెండు నెలల తోలు వచ్చేది.

ఫేస్‌బుక్ పేజీకి రెండు ఎందుకంటే, 2018లోనే వాళ్ళు బంధుమిత్రుల పోస్టులకే ముందు చోటిస్తాం, పేజీలకు తర్వాత అని ప్రకటించారు, అప్పటి నుంచి పేజీలో పెట్టింది మనవాళ్ళకు చేరాలంటే డబ్బు పెట్టాల్సిందే అన్నట్టుంది. గ్రూపులు మాత్రం నయం, యాభై దాటిన ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. వాట్సాప్ బిజినెస్ బ్లాగుకు తోడు. పేజీ చివర నొక్కితే నేరుగా నా వాట్సాప్ తెరుచుకునే లింకు పెట్టాను, చదివిన ఊపులోనే అడుగుతారు. క్యాటలాగ్ ఉంటుంది కాబట్టి ఫోటోలు మాటిమాటికీ పంపక్కర్లేదు. ఒకే మెసేజును అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందే పడతారు, అది కూడా మన నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది. అందుకే దీపం పెట్టెలో పెట్టే కాగితం మీద "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని చేత్తో రాస్తాను.

అందరూ బ్లాగే పెట్టాలని నేను అనను. కర్నూలులో నా స్నేహితురాలు మగ్గం వర్క్ బ్లౌజులు చేస్తుంది. దానికి బ్లాగు అక్కర్లేదు, నేనే వద్దన్నాను. దాని కస్టమర్లు ఊళ్ళోవాళ్ళు, పెళ్ళి తేదీ పట్టుకుని వస్తారు, డిజైను చూస్తారు, కొలత ఇస్తారు, వెళ్తారు. వివరించాల్సింది ఏమీ లేదు, కంటికి నచ్చితే చాలు. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకో బ్లౌజు ఫోటో, గూగుల్ మ్యాప్స్‌లో షాపు, అంతే, శ్రావణమాసంలో దానికి ఊపిరాడదు. ధర్మవరంలో పట్టుచీరలు అమ్మేవాళ్ళు కూడా లైవ్‌లో చీర విప్పి కొంగు చూపిస్తుంటే అటు నుంచి స్క్రీన్‌షాట్లు వచ్చిపడతాయి. చీర అందరికీ తెలిసిన వస్తువు. నా దీపం తెలియని వస్తువు, దాన్ని ముందు తెలియజెప్పాలి. బొమ్మల పుస్తకాలు చేసేవాళ్ళు, మట్టి పాత్రలు చేసేవాళ్ళు, సహజ రంగుల అద్దకం చేసేవాళ్ళు, చెక్క పని చేసేవాళ్ళు, అందరిదీ నా లాంటి పరిస్థితే అనుకుంటాను.

సమయం మాట కూడా చూడాలి. తమ్ముడు రీల్ ఒకటి తీయాలంటే నా పని సగం రోజు ఆగుతుంది, గది చీకటి చేయాలి, దీపం తుడవాలి, మూడుసార్లు తీయాలి. వారానికి మూడు రీల్స్ పెట్టమని అందరూ చెప్తారు, పెడితే ఇక ఉలి పట్టేది ఎప్పుడు? ఇప్పుడు నెలకు రెండు పేజీలు, నెలకు నాలుగు రీల్స్ అని గీత గీసుకున్నాను. పేజీలో రాసిన దాంట్లోంచే ఒక ముక్క తీసి రీల్ చేస్తాం, తుడిచే పద్ధతి ఒకటి, బంగారక్క ముక్కుపుడకకు చిల్లు కొట్టడం ఒకటి. చిల్లు కొట్టేటప్పుడు ఉలి మీద సుత్తి పడే చప్పుడు ఉంటుంది చూడండి, టక్ టక్ అని, అది మాత్రమే పెట్టి, పాట లేకుండా వదిలిన రీల్‌ను దసరా రీల్ కంటే తక్కువ మంది చూశారు, కానీ దాన్ని సేవ్ చేసుకున్నవాళ్ళు ఎక్కువ. అందులోంచి ముగ్గురు బ్లాగుకు వచ్చి కొన్నారు.

ఈ వారం సెర్చ్ కన్సోల్‌లో కొత్త ప్రశ్న ఒకటి కనపడింది, ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేశారు: తోలుబొమ్మ దీపం దేవుడి గదిలో పెట్టొచ్చా. రాముడి బొమ్మ ఉంది కాబట్టి ఆ సందేహం రావడం సహజం. నేను దీన్ని గురించి ఎక్కడా రాయలేదు. అత్తమ్మను అడిగితే "తోలు దేవుని గదిలోకి ఎట్లా తెస్తారమ్మా, హాల్లో పెట్టుకోమను" అంది. నాకు నేర్పిన పెద్దాయనకు ఫోన్ చేస్తే ఆయన, "బొమ్మలపెట్టె తెరిచే ముందు మేము దండం పెట్టుకునే తెరుస్తాం తల్లీ, మాకు అదే దేవుడు" అన్నారు. రెండు మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాసి, మీ ఇంటి పద్ధతి చూసుకోండి, హాల్లో గోడకు పెడితే నీడ బాగా పడుతుంది అని కింద ఒక ఫోటో పెడతాను. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చోవాలి.